నెడ్రాకి నమ్మకమైన రివాల్వర్

టెండాయ్, ఐడహో
7 ఆగస్టు 1984

బాబాయ్‌కి నెడ్రా రాస్తున్నది.

కింగ్‌మన్ ఎండకి నీ ఊపిరితిత్తులు కాస్త తేరుకున్నాయని రాశావు, సంతోషం. ఇక్కడ రెండో కోత గడ్డి కూడా లోపలికి చేరింది. గడ్డి మోపులు కట్టే యంత్రం దగ్గరికి మాత్రం నేనింకా వెళ్లడం లేదు. వచ్చే నెలకి రెండేళ్లు. ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదన్న సంగతి పగలంతా గుర్తుండదు, చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది.

అసలు విషయానికొస్తాను. ఈ ఏడాది వేట శాఖవాళ్లు తీసిన చీటీల్లో నాకు ఎల్క్ దుప్పిని వేటాడే అనుమతి వచ్చింది. రెండేళ్లుగా ఇరుగుపొరుగు జాలిపడి ఇచ్చిన మాంసమే తింటున్నాను. రుచి బాగానే ఉంటుంది గాని మింగుడు పడదు. నాన్న రైఫిల్ కర్రల మీద ఆనించి కాల్చి చూశాను. మొదటి తూటా వరకు పర్వాలేదు. రెండోది ఎక్కించాలంటే తుపాకి దింపాలి, మోకాళ్ల మధ్య ఇరికించుకోవాలి, మళ్లీ ఎత్తాలి. ఈలోపు దుప్పి మోంటానా సరిహద్దు దాటి అక్కడ కాపురం పెడుతుంది. అందుకే రివాల్వర్‌తో వేటాడదామనుకుంటున్నాను. వెనకుండే సుత్తి బొటనవేలితో లాగడానికీ, మీట నొక్కడానికీ ఒక్క చెయ్యి చాలు.

ముప్పై ఏళ్లు తుపాకులు బాగుచేసినవాడివి, నీకంటే ఎవరు చెబుతారు? నాకు నమ్మకమైనది కావాలి. ఆఖరి క్షణంలో మొండికేయకూడదు. ఒక్క దెబ్బతో పని అయిపోవాలి, బాధ ఉండకూడదు, రెండో తూటా అవసరం రాకూడదు. నాన్న రివాల్వర్ నీ దగ్గరే ఉంది కదా, అదే ఇస్తే ఇంకా మంచిది. నాకు గురి నేర్పింది దాంతోనే.

నా గురించి బెంగపెట్టుకోకు. ఈ చలికాలం దాటితే మీరెవరూ నన్ను చూసుకోవాల్సిన పనుండదు. ఇల్లంతా సర్దేస్తున్నాను. అమ్మ కుట్టుమిషన్ చర్చికిచ్చేశాను, నాన్న కుర్చీ కావాలన్నవాళ్లకి ఇచ్చేశాను. మనసు చాలా తేలిగ్గా ఉంది.

నీ
నెడ్రా

*

కింగ్‌మన్, ఆరిజోనా
19 ఆగస్టు 1984

నెడ్రా తల్లికి,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. ఇక్కడ ఎండ ఎలా ఉందంటే, పక్కింటి ముసలావిడ కుక్క పొద్దున ఒక నీడలో పడుకుని సాయంత్రం దాకా ఆ నీడతోపాటే జరుగుతూ ఉంటుంది. నేనూ అంతే.

మీ నాన్న రివాల్వర్ నా దగ్గర లేదమ్మా. దుకాణం ఎత్తేసినప్పుడు సామానుతోపాటు అమ్మేశాను. ఎవరు కొన్నారో గుర్తు లేదు.

ఇక రివాల్వర్ వేట సంగతి. అది మాటలు కాదు. రైఫిల్‌తో రెండొందల గజాల నుంచి కొట్టేదాన్ని, దీంతో కొట్టాలంటే యాభై గజాలకి వెళ్లాలి. దుప్పి నీ ఊపిరి వినేంత దగ్గరకన్నమాట. దానికి ఏళ్ల తరబడి అలవాటు ఉండాలి. ఈ ఏడాదికి వదిలేయి. అనుమతి మళ్లీ వస్తుంది. వచ్చే ఎండాకాలం నేనే వచ్చి, పక్కన కూర్చుని, ఏది పనికొస్తుందో నీ చేతిలో పెట్టి చూస్తాను.

సరిగ్గా తింటున్నావా? నిద్ర పడుతోందా? చెయ్యి పోయినప్పుడు చూసిన డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లిరా. పాస్టర్ గారి భార్య లుయెల్లా మంచి మనిషి, ఆవిడతో మాట్లాడుతూ ఉండు. ఇంట్లో ఒంటరిగా కూర్చోకు. సామాను ఎందుకు పంచేస్తున్నావో నాకు అర్థం కాలేదు. ఆ కుర్చీ ఎవరికిచ్చావు?

ప్రేమతో
బాబాయ్ క్లెమ్

*

టెండాయ్
1 సెప్టెంబరు 1984

బాబాయ్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న రివాల్వర్ ఎవరికో అమ్మేశావు, ఎవరో గుర్తు కూడా లేదు. పాతికేళ్ల కిందట అమ్మిన బాతులు కొట్టే తుపాకి నంబరు కూడా చెప్పగల మనిషివి నువ్వు. ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు, అబద్ధం ఎందుకు?

ఈ లోయలో రివాల్వర్ పట్టిన ప్రతివాడికీ ఏది కొనాలో చెప్పింది నువ్వే. గురి చూసి చెట్టుని కూడా కొట్టలేని వాళ్లకి కూడా ఓపిగ్గా చెప్పావు. నేనడిగితే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నావు. నిద్ర పడుతోందా అని అడుగుతున్నావు. నాకు పోయింది చెయ్యి బాబాయ్, బుర్ర కాదు.

నేర్పమని కూడా అడగడం లేదు. ఒక్కటి చెప్పు చాలు. లెమ్హైలో ఒకాయన పాత సామాన్ల సంతకి పాయింట్ నలభై నాలుగు మాగ్నమ్ రివాల్వర్ ఒకటి తెచ్చాడు. ఆరు తూటాలది, ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగే రకం. పాతదే గాని నా చేతికి బాగా కుదిరింది. సెకండ్‌హ్యాండ్ రివాల్వర్ కొనేముందు ఏమేం చూడాలి? నువ్వు దుకాణంలో ఏదో లాగి, ఊపి, వెలుతురుకి పెట్టి చూసేవాడివి. నేను చిన్నప్పుడు చూశాను గాని ఎందుకో తెలియదు. అది రాయి.

కుర్చీ ఎవరికిచ్చానో సమయం వచ్చినప్పుడు చెబుతాను.

నెడ్రా

*

కింగ్‌మన్
9 సెప్టెంబరు 1984

నెడ్రాకి,

ఆ రివాల్వర్ కొనకు. ఏం చూడాలో ఉత్తరంలో రాస్తే తెలిసేది కాదు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. నేను వచ్చి చూసేదాకా దాన్ని ముట్టుకోకు.

నా దగ్గర వేరే రివాల్వర్లు మూడు మిగిలాయి. పంపాలంటే రాష్ట్రం దాటించాలి, అక్కడ లైసెన్సున్న దుకాణం పేరు మీద రావాలి, కాగితాలు కావాలి. అదంతా వసంతంలో చూద్దాం.

కోపం తెచ్చుకుంటావని తెలిసే ఇంకో మాట రాస్తున్నాను. ఒంటిచేత్తో అంత బలమైన రివాల్వర్ కాలిస్తే మొదటి దెబ్బకే గురి చెదిరిపోతుంది. దుప్పిని గాయపరిచి వదిలేస్తావు. అది మూడు రోజులు కొండల్లో ఈడ్చుకుంటూ చస్తుంది. మా అన్న ఓరిన్ కూతురు అలాంటి పని చెయ్యడం నాకిష్టం లేదు.

ఎలా ఉన్నావో వారానికొకసారి రాస్తూ ఉండు. రెండు ముక్కలైనా చాలు.

క్లెమ్

*

టెండాయ్
24 సెప్టెంబరు 1984

బాబాయ్,

లుయెల్లా వచ్చింది, యాపిల్ పళ్లతో చేసిన తీపి రొట్టె పట్టుకుని. నేను టీ పెడుతుంటే ఆవిడ మందుల అలమర తెరిచి చూస్తోంది. ఏం కావాలని అడిగాను. అలమర తలుపు మూసి, మీ బాబాయ్ ఫోన్ చేశాడు, ఇంట్లో తుపాకులన్నీ తాళంలో పెట్టించమన్నాడు అని చెప్పింది. ఆ రొట్టె ఆవిడ చేతికే తిరిగిచ్చి గుమ్మం దాకా దిగబెట్టాను. ఇక రావద్దన్నాను.

నువ్వు నన్ను అవిటిదాన్ని అనుకుంటున్నావనుకున్నాను. చేతగాని పసిపిల్లననుకుంటున్నావని ఇప్పుడు తెలిసింది.

రివాల్వర్ కొన్నాను. నువ్వు చెప్పలేదు కాబట్టి అమ్మినవాడు చెప్పిందే విన్నాను. తూటాలు పెట్టే సిలిండర్ కాస్త అటూ ఇటూ కదులుతుందంటే, వాడి వాడి మెత్తబడింది, కొత్తవాటికంటే ఇదే నయం అన్నాడు. గడ్డివాము వెనక రోజూ కాలుస్తున్నాను. రెండు కర్రలు అడ్డంగా కట్టి వాటి మధ్య మణికట్టు ఆనిస్తున్నాను. నలభై అడుగుల్లో ఆరింటికి ఐదు కాఫీ డబ్బాకే తగులుతున్నాయి. ఆరోది ఎటు పోతుందో తెలియదు, అది నా తప్పే అయ్యుంటుంది. ఒకసారి చెంప మీద సూది గుచ్చినట్టు చురుక్కుమంది. చూస్తే చిన్న నెత్తుటి బొట్టు. మందు పొడి ఎగిరి ఉంటుంది. ఇప్పుడు నాన్న టోపీ కిందికి లాక్కుని కాలుస్తున్నాను.

అక్టోబరు పదికి వేట మొదలు. రెండ్రోజుల ముందే కొండెక్కుతాం.

నెడ్రా

*

కింగ్‌మన్
5 అక్టోబరు 1984

నెడ్రా, ఈ ఉత్తరం చదివాకే దేన్నైనా ముట్టుకో.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఊపిరి అందక ఎనిమిది రోజులు ఉంచారు. ఇవాళే ఇంటికొచ్చి చదివాను. నీ ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి చదవగానే లుయెల్లాకి ఫోన్ చేశాను. ఆ గుమ్మం తొక్కనని ఆవిడ ఫోన్ పెట్టేసింది. పోస్టాఫీసుకి చేస్తే మూసేశారు. అందుకే ఎక్స్‌ప్రెస్‌లో వేస్తున్నాను.

ఆ రివాల్వర్ ఇక కాల్చకు. నువ్వు రాసిన మూడు మాటలూ ఒకే జబ్బు లక్షణాలు. సిలిండర్ ఊగుతోంది, ఆరో తూటా ఎటో పోతోంది, చెంప మీద నెత్తుటి బొట్టు. అది మందు పొడి కాదు, సీసం. సిలిండర్‌లో తూటా పెట్టే ఆరు అరల్లో ఒకటి గొట్టానికి ఎదురుగా సరిగ్గా ఆగడం లేదు. గుండు గొట్టం అంచుకి రాసుకుని, చెక్కులేచి పక్కకి కొడుతోంది.

నువ్వడిగావు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ముందు ఆరు అరలూ ఖాళీ ఉన్నాయో లేదో రెండుసార్లు చూడు. తర్వాత సుత్తిని మెల్లగా, గడియారం ముల్లులా లాగు. సుత్తి పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ టక్కున బిగుసుకోవాలి. అది ఆలస్యమైతే రివాల్వర్ పనికిరాదు. ఇలా ఆరు అరలకీ విడివిడిగా చూడాలి. ఐదు బాగుండి ఒకటి చెడొచ్చు, నీది అలాంటిదే. బిగుసుకున్నాక సిలిండర్‌ని వేళ్లతో పట్టుకుని పక్కలకీ, ముందుకీ వెనక్కీ కదుపు. వెంట్రుకవాసి కదిలితే పర్వాలేదు, తెలిసేలా కదిలితే వద్దు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు కాగితమంత ఉండాలి. ఆ పక్కన ఉక్కు మీద సీసం చారలు ఉన్నాయేమో చూడు. నీ దాని మీద తప్పకుండా ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ రివాల్వర్ కాల్చినా పక్కన మనిషిని నిలబెట్టకు. ఆ సందులోంచి వచ్చేది కత్తి లాంటిది.

నా దగ్గరున్న వాటిలో మంచిది ఎల్లుండి శామన్ ఊళ్లో దుకాణానికి పంపుతున్నాను. దానికి నేనే పూచీ. అది అందేదాకా కొండెక్కకు. నిన్ను పసిపిల్లవి అనుకోలేదమ్మా. అది వేరే సంగతి.

క్లెమ్

*

టెండాయ్
21 అక్టోబరు 1984

బాబాయ్‌కి,

నీ ఉత్తరం పోస్టాఫీసు పెట్టెలో నాకోసం ఆరు రోజులు ఉంది. కొండ దిగాక చదివాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆర్విల్ స్ట్రూప్ గుర్తున్నాడా, లోయంతా తిరిగి గుర్రాలకి నాడాలు కొట్టేవాడు? భార్య పోయి ఐదేళ్లయింది. నా చెయ్యి పోయిన ఏడాది మా గుర్రాలకి నాడాలు కొట్టడానికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా పని అయిపోయినా వెళ్లేవాడు కాదు. నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండుగ వారంలో పెళ్లి చేసుకుందామనుకున్నాం. సామాను పంచింది అందుకే. ఆయన ఇల్లు చిన్నది. నాన్న కుర్చీ ఆయనకే ఇచ్చాను. నా మొదటి పెళ్లి పెటాకులైనప్పుడు, ఇంకో మగాణ్ణి తెచ్చుకుంటే నాకు చెప్పకు అన్నావు నువ్వు. నవ్వుతూనే అన్నావు గాని నాకు గుచ్చుకుంది. అందుకే మాంసం పార్సిలుతోపాటు కబురు పంపి నీ నోరు మూయిద్దామనుకున్నాను.

పదకొండో తేదీ మధ్యాహ్నం మంచు సన్నగా పడుతోంది. పైన్ చెట్ల అంచున దుప్పి కనిపించింది. పెద్ద మగది. నలభై గజాలకి చేరేసరికి గంట పట్టింది. కర్రల మీద మణికట్టు ఆనించి కాల్చాను. ముందు కాళ్ల మీద పడిపోయింది. నా వెనకే ఉన్న ఆర్విల్ లేచి నా కుడిపక్కకి వచ్చాడు, దూరదర్శినితో చూడ్డానికి. మోకాళ్ల మీద కూర్చున్నాడు. "లేస్తోంది నెడ్రా, ఇంకొకటి వెయ్యి" అన్నాడు. వేశాను.

అతను అరవలేదు. టోపీ పడిపోయింది కాబోలన్నట్టు తల పట్టుకున్నాడు. చేతివేళ్ల మధ్య నుంచి నెత్తురు కారింది. ఏమైందని అడిగితే, "ఏమో, కొమ్మ కొట్టుకుందేమో. నువ్వు దుప్పిని చూడు" అన్నాడు. అక్కడ కొమ్మలేవీ లేవు.

నా మెడగుడ్డ తీసి ఒక కొస పళ్లతో పట్టుకుని కట్టు కట్టాను. గుర్రం ఎక్కించి, రెండు గుర్రాల పగ్గాలూ ఒకే చేత్తో పట్టుకుని కొండ దిగాను. నాలుగు గంటలు పట్టింది. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు, నాకు భయం వెయ్యకూడదని. వాగు దాటాక మాట ఆగిపోయింది. రోడ్డు మీద పశువుల లారీ దొరికింది. మిజూలా ఊరి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఎడమ కన్ను తీసేశారు. సీసం ముక్క ఇంకొకటి కన్ను వెనక లోతుగా ఉందట, అది తియ్యలేమన్నారు.

దుప్పి దొరకలేదు. నువ్వు రాసినట్టే అయింది.

నీ ఉత్తరంలో ఒక్కో వాక్యం చదువుతూ రివాల్వర్ చేతిలో పట్టుకుని చూశాను. సుత్తి మెల్లగా లాగాను. ఐదు అరలు బాగానే బిగుసుకున్నాయి. ఆరోది బిగుసుకోలేదు. అంతా చూడ్డానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సెప్టెంబరు ఒకటిన నేనడిగింది ఈ రెండు నిమిషాల సంగతే. ఎందుకు చెప్పలేదు బాబాయ్?

నెడ్రా

*

కింగ్‌మన్
28 అక్టోబరు 1984

నెడ్రాకి,

ఎందుకు చెప్పలేదో రాస్తున్నాను. చదివాక నా ఉత్తరాలు ఇక తెరవకపోయినా నేనేమీ అనుకోను.

మీ నాన్న చావు ప్రమాదం కాదు.

అరవై ఒకటి మార్చిలో, పోవడానికి వారం ముందు ఓరిన్ నా దుకాణానికి వచ్చాడు. ఆ రివాల్వర్ బల్ల మీద పెట్టి, "క్లెమ్, ఇది నమ్మకంగా పనిచేస్తుందా? మొండికేయదు కదా?" అని అడిగాడు. నేను ఇంకొకళ్ల తుపాకి రిపేరులో ఉన్నాను. తలెత్తకుండానే, "నా చేతిలో పడింది మొండికేసిందెప్పుడు?" అన్నాను. అయినా విప్పి, అరిగిన స్ప్రింగు మార్చి, నూనె వేసి ఇచ్చాను. సిలిండర్ టక్కుమని బిగుసుకుంటుంటే విని మెచ్చుకున్నాడు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏదో చెబుతాడేమో అనిపించింది. నేను పనిలో పడిపోయాను.

ఓరిన్ పోయిన రోజు కొట్టంలో అతన్ని ముందు చూసింది నేనే. నా జేబులో ఉన్న నూనె సీసా, గుడ్డ తీసి బల్ల మీద పెట్టాను. శుభ్రం చేసుకుంటుంటే పేలిందని మీ అమ్మకీ, నీకూ, షెరీఫ్‌కీ చెప్పాను. నీకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ రివాల్వర్ అమ్మలేదు. గ్యాస్ మంటతో కోసి నదిలో పారేశాను.

ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. నమ్మకమైనది కావాలి, ఆఖరి క్షణంలో మొండికేయకూడదు, ఒక్క దెబ్బతో పని అయిపోవాలి, బాధ ఉండకూడదు అని రాశావు. చలికాలం దాటితే నన్ను చూసుకోవాల్సిన పనుండదన్నావు. సామాను పంచేశానన్నావు. దుప్పి సంగతి నాకు కంటికి కనిపించలేదమ్మా. ఓరిన్ మళ్లీ నా బల్ల ముందు నిలబడ్డట్టనిపించింది. ఈసారి ఇవ్వకూడదు, చెప్పకూడదు, ఎలాగోలా చలికాలం దాటించాలి అనుకున్నాను. ఒంటిచేత్తో నీవల్ల కాదని రాసింది నిన్ను ఆపడానికే. నీవల్ల అవుతుందని నాకు తెలుసు.

నమ్మకమైన రివాల్వర్లు మూడు ఇక్కడ నా పెట్టెలో ఉండగా ఆ చెడ్డది నీ చేతికి రావడానికి కారణం నేనే. ఆర్విల్ కన్ను పోయింది నీ వల్ల కాదు. ఆ సంగతి అతనికి చదివి వినిపించు.

క్లెమ్

*

కింగ్‌మన్
14 నవంబరు 1984

నెడ్రా,

పదిహేడు రోజులైంది, నీ దగ్గర నుంచి జవాబు లేదు. పోస్టాఫీసులో ఫెర్న్‌కి ఫోన్ చేశాను. నువ్వు ఉత్తరాలు తీసుకెళ్తున్నావట, ఎవరితోనూ మాట్లాడడం లేదట, మిజూలా వెళ్లడం కూడా మానేశావట.

ఆగస్టులో డొంకతిరుగుడుగా నిద్ర పడుతోందా, తింటున్నావా అని అడిగాను. పరాయివాళ్లని పంపాను. ఈసారి సూటిగా అడుగుతున్నాను. తప్పుగా అడుగుతున్నానేమో, నీకు కోపమొస్తే రానీ.

నువ్వు చచ్చిపోవాలనుకుంటున్నావా? ఆ రివాల్వర్ ఇంకా ఇంట్లోనే ఉందా?

అవునైతే అవునని రాయి. నేను భయపడను. భయపడినా జవాబు రాస్తాను. రాసే ఓపిక లేకపోతే ఈ కాగితం ఫెర్న్ చేతిలో పెట్టు, ఆవిడ నాకు ఫోన్ చేస్తుంది.

బాబాయ్

*

టెండాయ్
20 నవంబరు 1984

బాబాయ్‌కి,

అవును. రెండింటికీ అవుననే.

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే తెరిచాను. ఇంటికి తీసుకెళ్లి చదవాలని ఎందుకో అనిపించలేదు. చదివి అక్కడే నిలబడిపోయాను. ఫెర్న్ కౌంటర్ వెనక నుంచి, చెడ్డ కబురా అని అడిగింది. కాగితం ఆవిడ వైపు తోశాను. చదివింది. కిటికీకి మూసివేత బోర్డు తగిలించి కోటు వేసుకుంది. "పద, ముందు ఆ వస్తువు ఎక్కడుందో చూపించు" అంది. నన్ను కారులో ఇంటికి తీసుకొచ్చింది. వంటింటి సొరుగులోంచి తీసి, తూటాలు విడిగా తన సంచిలో, రివాల్వర్ కారు వెనక పెట్టుకుంది. తర్వాత నాకు గుడ్లు వేయించి, కూర్చుని తినిపించింది. ఉప్పు ఎక్కువ వేసింది. అంతా తిన్నాను.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. నాన్నది ప్రమాదం కాదని నాకు తెలుసు. అమ్మ పోయే ముందు చెప్పింది. ఆ నూనె సీసా మన ఇంట్లోది కాదమ్మా, మీ బాబాయ్ దుకాణానిది, ఆయన ఎంత కష్టపడి పెట్టాడో పాపం, మనం నమ్మినట్టే ఉందాం అంది. నీ మనసు నొచ్చుకుంటుందని పద్నాలుగేళ్లుగా నమ్మినట్టే ఉన్నాను. నువ్వేమో నా కోసం దాచావు. మనిద్దరం ఒకళ్ల నుంచి ఒకళ్లం దాచిన దాని మధ్యలోకి పాపం ఆర్విల్ వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను బాబాయ్. మూడు రోజులుగా నాన్న అన్నం సగంలో వదిలేస్తున్నాడని చూశాను. కొట్టం వైపు వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఎప్పుడూ అలా చేసేవాడు కాదు. ఏమైంది నాన్నా అని అడుగుదామనుకుని, పిండి కలుపుతున్నా కదా, తర్వాత అడుగుదాంలే అనుకున్నాను. నువ్వు గుమ్మం దగ్గర తలెత్తలేదని రాశావే, నేనూ ఎత్తలేదు.

నీ మీద కోపం పోయిందని రాయలేను. పోలేదు. పోతుందో లేదో తెలియదు. నువ్వు చెప్పి ఉంటే అతనికి రెండు కళ్లూ ఉండేవి. ఈ మాట నువ్వూ నేనూ ఎన్నిసార్లు అనుకున్నా మారదు.

నిన్న ఫెర్న్ నన్ను కారులో మిజూలా తీసుకెళ్లింది. ఆర్విల్‌ని కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నేను రావడం ఎందుకు మానేశానో చెప్పాను, ఫెర్న్ సంచిలో ఏముందో కూడా చెప్పాను. కప్పుకున్న దుప్పటి అంచు మడతపెడుతూ విన్నాడు. తర్వాత, "నాకు ఆపరేషన్ అయిన రోజే చెప్పాల్సింది. నేనేమో నువ్వు ఒంటికన్నువాణ్ణి వద్దనుకున్నావనుకుంటున్నాను" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఉన్న కన్ను ఒక్కటే ఏడుస్తుందని నాకు తెలియదు. చూడ్డం చాలా కష్టంగా ఉంది. గుర్రం కాళ్ల దూరం ఇక అంచనాకి రాదు, నాడాల పని అయిపోయినట్టేనట. పెళ్లి ఎప్పుడని అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. వచ్చే శనివారం మళ్లీ వెళ్తాను.

నువ్వు పంపిన రివాల్వర్ శామన్ దుకాణంలోనే ఉంది. నేను తీసుకోను, వెనక్కి పంపమని చెప్పాను. నువ్వు బస్సెక్కి రావాలని చూస్తున్నావని ఫెర్న్ అంది. ఈ చలికి నీ ఊపిరితిత్తులు ఆగవు, రావద్దు.

నువ్వడిగిన ప్రశ్న మళ్లీ అడుగు. వచ్చే వారం అడుగు, ఆ తర్వాతి వారం కూడా అడుగు. కొన్ని వారాలు జవాబు అవుననే ఉండొచ్చు. ఉన్నదే రాస్తాను.

నెడ్రా